అనుదినాహారం కోసం దేవుని మీద ఆధారపడటం ఎలా

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని ప్రభువు నేర్పిన ప్రార్థనను చిన్నప్పటి నుండి కంఠతా చెప్పే మనలో చాలామందికి, నెలలో ఇరవయ్యో తేదీ దాటి చేతిలో డబ్బు అయిపోవస్తున్నప్పుడు ఆ మాటను ఎలా ఆచరించాలో తెలియదు. ఆ ప్రార్థన అడిగేది ఈ రోజు ఆహారమే. కాబట్టి విశ్వాసాన్ని కూడా ఏ రోజుకారోజు అభ్యసించాలి.

మొదట ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఉదయం ప్రార్థనకు కూర్చున్నప్పుడు తేదీ వేసి, ఆ రోజుకో ఆ వారానికో నిజంగా కావలసిన వాటిని పేరుపేరునా రాయండి. "మా అవసరతలు తీర్చుము" అని ఊరుకోకుండా, శనివారంలోగా కట్టవలసిన స్కూలు ఫీజు బాకీ, అయిపోవచ్చిన గ్యాస్ బండ, అమ్మకు బీపీ మాత్రలు అని రాయండి. ఇలా రాస్తూ ఉండగానే కొన్నింటిని మీరే కొట్టివేస్తారు, ఎందుకంటే కోరికకూ అవసరానికీ ఉన్న తేడా మనసులో కన్నా కాగితం మీద త్వరగా తేలుతుంది. అవసరం తీరిన రోజున దాని ఎదుటే ఎలా తీరిందో కూడా రాయండి. 1836లో బ్రిస్టల్‌లో అనాథ శరణాలయం ప్రారంభించి, 1898లో మరణించేలోగా పదివేల మందికి పైగా పిల్లలను పోషించిన జార్జ్ ముల్లర్ తన ప్రార్థనలనూ వాటి జవాబులనూ తేదీలతో రాసి ఉంచుకున్నాడు, వచ్చిన ప్రతి కానుకకూ లెక్క చూపాడు. దేవుని నమ్మినవాడు లెక్కలు రాయనక్కరలేదనే మాటకు ఆయన జీవితంలో ఎక్కడా ఆధారం దొరకదు.

పని మానుకొని ఎదురుచూడటం విశ్వాసం కాదని పౌలు థెస్సలొనీకయులకు కఠినంగానే రాశాడు. ఆకాశపక్షులను పోషించే తండ్రి వాటి గూళ్ళలోకి గింజలు తెచ్చి వేయడు గనుక, ఉన్న పనిని శ్రద్ధగా చేయండి, లేకపోతే వెదకండి.

ఇప్పుడు బైబిల్లోని సారెపతు అనే ఊరి విధవరాలి సంగతి నిదానంగా చదవండి. కరవు కాలంలో ఆమె దగ్గర మిగిలినవి తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. ప్రవక్తయైన ఏలీయా వచ్చిన తరువాత దేవుడు ఆమె ఇంటికి బస్తాలకొద్దీ పిండి పంపలేదు. తొట్టిలో పిండి తక్కువ కాలేదనీ, బుడ్డిలో నూనె అయిపోలేదనీ మాత్రమే వాక్యం చెబుతుంది. అంటే ఆమె ప్రతి ఉదయం తొట్టిలో చెయ్యి పెట్టినప్పుడు తగిలినది ఆ పూటకు చాలినంత పిండే అయి ఉండాలి. రేపటికి కూడా ఉంటుందని చెప్పడానికి ఆమెకు దేవుని మాట తప్ప వేరే ఆధారం లేదు. మనం ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే మనం నిండిన తొట్టిని చూసి నమ్మాలనుకుంటాం. కాబట్టి రాత్రి పడుకునే ముందు "రేపు ఎలా?" అనే ప్రశ్న వచ్చినప్పుడు, ఈ రోజు మీ ఇంట్లో ఎవరెవరు ఏమి తిన్నారో పేర్లతో సహా చెప్పి దేవునికి కృతజ్ఞతలు చెల్లించండి.

దాచుకోవడం అవిశ్వాసమా అని చాలామంది అడుగుతారు. అరణ్యంలో దేవుడు ఇశ్రాయేలీయులకు దినదినం కురిపించిన ఆహారమైన మన్నాను మామూలు రోజున మర్నాటికి దాచినవారికి అది పురుగుపట్టి కంపుకొట్టింది, ఆరవ దినాన విశ్రాంతిదినం కోసం రెండింతలు కూర్చి దాచినది మాత్రం చెడలేదు. ఐగుప్తులో యోసేపు ఏడేళ్ళు పంటలో ఐదవ భాగం నిలువచేయించాడు. ప్రయాసపడి కొంత దాచుకోవడాన్ని వాక్యం తప్పుపట్టడం లేదు. ఆ దాచిన సొమ్మే మీకు ధైర్యమైపోయిందేమో అప్పుడప్పుడు పరీక్షించుకోండి.

దేవుడు ఏ దారిన ఇస్తాడో మీరు నిర్ణయించవద్దు. కరవులో తాను నీళ్ళు తాగిన కెరీతు వాగు ఎండిపోయినప్పుడే ఏలీయా సారెపతుకు పంపబడ్డాడు. ఉద్యోగం పోయిన ఇంటివారు ఈ వరుసను గమనించాలి. ముల్లర్ తన అవసరతలను దేవునికి తప్ప మనుష్యులకు చెప్పకూడదని నియమం పెట్టుకున్నాడు. ఆయన బావమరిది ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్‌తో 1836లో మన దేశానికి వచ్చి నరసాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కూడా స్థిరమైన జీతం లేకుండా సేవ చేసినవారే. వారిని నేను ఎంతో గౌరవిస్తాను గాని, ఆ నియమాన్ని ప్రతి కుటుంబం మీద మోపకూడదని నా అభిప్రాయం. పౌలు యెరూషలేములోని పేద పరిశుద్ధుల కోసం సంఘాలను బాహాటంగానే చందా అడిగాడు. పరువు పోతుందని ఇంట్లో కష్టాన్ని సంఘంలో ఎవరికీ చెప్పకుండా దాచి, అధిక వడ్డీకి ఫైనాన్సులోనో లోన్ యాప్‌లోనో అప్పు చేయడాన్ని విశ్వాసం అనలేం. నమ్మకమైన ఒక సంఘపెద్దకో, సహోదరికో ఉన్నది ఉన్నట్టు చెప్పి, కలిసి ప్రార్థన చేయమని అడగండి.

చివరిగా, లేమిలో కూడా ఇవ్వడం మానవద్దు. అయితే ఇంత విత్తితే నూరంతలు వస్తుందని లెక్కగట్టి ఇవ్వవద్దు. అలా బోధించి పేదల చేత అప్పుచేయించి మరీ కానుకలు వేయించేవారి మాట అసలే వినవద్దు. మాసిదోనియ సంఘాలు నిరుపేదరికంలో తమంతట తామే ఇచ్చాయి. మన సంఘాల్లో స్త్రీలు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేసి, ఆదివారం మందిరానికి తెచ్చే అలవాటు ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. మీ ఇంట లేకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. ఏ వారమైనా మీ ఇంట్లోనే బియ్యం నిండుకుంటే, ఆ బియ్యం మీలాంటివారి కోసం కూడా పోగుచేసినదే గనుక, సంఘం ఇచ్చినప్పుడు సిగ్గుపడకుండా తీసుకొని వండుకోండి.