మైగ్రేషన్ నడిపితే సైట్ ఆగిపోతోందా? టేబుల్ సైజును తిట్టకండి

మైగ్రేషన్ అంటే డేటాబేస్ టేబుళ్ల నిర్మాణాన్ని మార్చే స్క్రిప్ట్. డిప్లాయ్ (కొత్త కోడ్‌ని సైట్‌లోకి ఎక్కించడం) అయ్యాక "కాలమ్ లేదు" అని ఎర్రర్ వస్తే కోడ్ తవ్వడం మొదలుపెట్టకండి. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అయితే ప్రొడక్షన్‌లో (అసలు సైట్ నడిచే చోట) షోమైగ్రేషన్స్ కొట్టండి. కొత్త మైగ్రేషన్ పక్కన ఎక్స్ గుర్తు లేకపోతే అది నడవనే లేదు. గుర్తుండీ ఎర్రర్ వస్తుంటే, ఆ కమాండ్ ఏ డేటాబేస్‌కి కనెక్ట్ అయిందో చూడండి. స్టేజింగ్‌లో (పరీక్ష సర్వర్‌లో) మైగ్రేషన్ నడిపి ప్రొడక్షన్‌ని అనుమానించేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది.

అసలు తలనొప్పి వేరే ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఆల్టర్ టేబుల్ కమాండ్‌తో ఒక చిన్న కాలమ్ చేరుస్తారు. ఎర్రర్ రాదు, పని అవ్వదు, ఈలోగా సైట్ అంతా టైమౌట్లు. సీపీయూ చూస్తే ఖాళీ. "టేబుల్ పెద్దది కదా, టైమ్ పడుతుందిలే" అనుకుని నేనూ ఒకసారి చూస్తూ కూర్చున్నాను. తప్పు. వెర్షన్ 11 నుంచి మామూలు డిఫాల్ట్ విలువతో కాలమ్ చేర్చినా టేబుల్‌ని తిరగరాయదు, క్షణంలో అయిపోతుంది.

కానీ ఆ క్షణానికి టేబుల్ మీద పూర్తి లాక్ (ఇంకెవరూ చదవకుండా, రాయకుండా ఆపేది) కావాలి. ఎవరో బిగిన్ కొట్టి ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, అదే టేబుల్ మీద ఒక సెలెక్ట్ (చదివే క్వెరీ) వేసి, కమిట్ చేసి ముగించకుండా టీకి వెళ్లారనుకోండి. ఆల్టర్ ఆ సెషన్ కోసం ఆగుతుంది. తర్వాత వచ్చే ప్రతి సెలెక్టూ ఆల్టర్ వెనక లైన్లో నిలబడుతుంది. సైట్‌ని పడగొట్టింది ఆ లైనే.

ముందు పీజీ_స్టాట్_యాక్టివిటీలో (సెషన్ల జాబితాలో) ఆల్టర్ పిడ్ (ప్రాసెస్ నంబర్) పట్టుకుని, పీజీ_బ్లాకింగ్_పిడ్స్ ఫంక్షన్‌కి ఇవ్వండి. అడ్డం పడింది ఎవరో చెప్పేస్తుంది. ఆ పిడ్ రాసుకుని, పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్‌తో ఆల్టర్‌ని ఆపండి, సైట్ లేస్తుంది. టెర్మినల్ మూసేస్తే చాలదు, సర్వర్ వైపు ఆల్టర్ ఇంకా లైన్లోనే ఉండొచ్చు. టీకి వెళ్లిన సెషన్‌కి మాత్రం క్యాన్సిల్ పనిచేయదు, అక్కడ ఆపడానికి క్వెరీ ఏదీ నడవట్లేదుగా. దానికి పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ వాడాలి.

ఇకమీదట ప్రతి మైగ్రేషన్ ముందు లాక్_టైమౌట్‌ని 3 సెకన్లు పెట్టండి. డిఫాల్ట్ 0, అంటే ఎంతసేపైనా ఆగుతుంది. లాక్ దొరక్కపోతే మైగ్రేషన్ ఫెయిలవుతుంది, కాసేపాగి మళ్లీ నడపండి. పాత వరుసలన్నీ అప్‌డేట్ చేసే పనిని ఆల్టర్ ఉన్న ట్రాన్సాక్షన్‌లో కలపొద్దు. కలిపితే కమిట్ అయ్యేదాకా లాక్ వదలదు.

కాంకరెంట్‌గా (టేబుల్‌లో రాతల్ని ఆపకుండా) కట్టే ఇండెక్స్ మధ్యలో ఫెయిలైతే ఇన్‌వాలిడ్‌గా (పనికిరానిదిగా) మిగులుతుంది. డ్రాప్ చేసి మళ్లీ కట్టండి, అంతే. అరుదుగా ర్యాప్‌అరౌండ్ ఆటోవ్యాక్యూమ్ (ట్రాన్సాక్షన్ నంబర్లు అయిపోకుండా పోస్ట్‌గ్రెస్ తానే చేసుకునే శుభ్రత) అడ్డం పడుతుంది. దాన్ని కదిలించకండి, అయ్యేదాకా డిప్లాయ్ వాయిదా వేయండి.