షిట్జు పెంచాలంటే నెలకు ఎంత అవుతుంది?

హైదరాబాద్‌లో ఐదు కిలోల షిట్జు జాతి కుక్కను పెంచాలంటే నెలకు సుమారు 4,000 రూపాయలు లెక్కేసుకోండి. తిండికి 1,800, కటింగ్‌కు 1,000, పిడుదుల మందుకు 600, షాంపూ, వైప్స్ వగైరాకు 300. టీకాలు, నట్టల మందుకు ఏడాదికయ్యే ఖర్చును నెలల మీద పంచితే ఇంకో 300. బ్రాండును బట్టి అటూ ఇటూ అవుతుంది. జబ్బు చేస్తే అయ్యేది ఇందులో లేదు.

పిల్లను కొనేటప్పుడు బేరం కంటే వయసు ముఖ్యం. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి నిబంధనలున్నా, బజార్లో నెల పిల్లలు దొరుకుతూనే ఉంటాయి. తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గుతూ, టీకా బలం ఇంకా రాని ఆ వయసులోనే పార్వో అనే వైరస్ జబ్బు పట్టుకుంటుంది. నాలుగైదు రోజులు సెలైన్ ఎక్కిస్తే బిల్లు పది వేలు దాటడం మామూలే. కొన్నప్పుడు మిగిలింది అక్కడ పోతుంది. తల్లిని చూపించమనండి. టీకా కార్డు మీద సీసా స్టిక్కరు, డాక్టరు సంతకం ఉన్నాయో లేదో చూడండి.

మొదటి టీకా 6–8 వారాలకు, తర్వాత 16 వారాలు నిండేదాకా 3–4 వారాలకోసారి. రేబిస్ టీకా మూడు నెలలకు. ఏడాదికి బూస్టర్లు. జూలై 6, ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, వాడుకోండి. నట్టల మందు మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి తూచి వేయాలి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఐదు కిలోల కుక్కకు రోజుకు దాదాపు 370 క్యాలరీలు చాలు. అంటే డ్రై ఫుడ్ 100 గ్రాములు, నెలకు మూడు కిలోలు. గిన్నె నింపి వదిలేస్తే లావెక్కుతుంది. చిన్న కుక్కకు అరకిలో పెరిగినా మోకాలి చిప్ప మీద భారమే. ఇంటి తిండితో ఖర్చు తగ్గుతుందనుకుంటారు. 50 గ్రాముల డ్రై ఫుడ్‌కు బదులు ఉడికించిన ఎముకల్లేని చికెన్ 70 గ్రాములు, అన్నం 55 గ్రాములు పెట్టాలి. కిలో చికెన్ 300 చొప్పున చూస్తే మిగిలేదేమీ లేదు. ఉత్త పెరుగన్నంతో పెంచితే చవకే, కానీ మాంసకృత్తులు, క్యాల్షియం చాలవు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన కోడి ఎముకలు అసలు పెట్టకండి.

అసలు ఖర్చు జుట్టుది. సెలూన్లో పూర్తి కటింగ్ 1,200–2,000. ఆరు వారాలకోసారి తప్పదు. దువ్వడం మానేస్తే చంకల్లో, చెవుల వెనక చిక్కులు గడ్డకడతాయి. అప్పుడు సెలూన్లో చర్మం దాకా గొరిగేస్తారు, చిక్కులు తీసినందుకు అదనంగా కూడా అడుగుతారు. రోజుకు పది నిమిషాలు ఇలా చేస్తే చాలు:

1. జుట్టు మీద నీళ్ళలో కలిపిన కండిషనర్‌ను పలచగా స్ప్రే చేయండి. పొడి జుట్టు తెగుతుంది.
2. ఒక పాయ పైకెత్తి, కొసల నుంచి మొదలుపెట్టి కుదుళ్ళ దాకా స్లికర్ బ్రష్‌తో (సన్నని తీగ పళ్ళున్న బ్రష్) దువ్వండి.
3. స్టీల్ దువ్వెన ఎక్కడా ఆగకుండా దిగితేనే ఆ పాయ అయినట్టు.
4. స్నానం చిక్కులు తీశాకే. తడిస్తే ముడి ఇంకా బిగుస్తుంది.

ఇంట్లో పొట్టి కటింగ్ ఉంచితే పని సగానికి తగ్గుతుంది. అందం కంటే అదే నయం, ముఖ్యంగా మే నెలలో. చప్పిడి ముక్కు జాతి కనుక ఎండకు తట్టుకోలేదు. పైన వేసిన నాలుగు వేలలో లేకపోయినా ఏసీ బిల్లు కూడా దీని ఖర్చే.

కళ్ళు ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి వెంట్రుక గుచ్చుకున్నా నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. ఒక కన్ను మూసుకుని ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఇంట్లో మిగిలిన చుక్కలు వేయకండి. స్టెరాయిడ్ ఉన్నదైతే పుండు లోతుకు దిగుతుంది. జ్వరం, తిండి మానేయడం, తెల్లబడిన చిగుళ్ళు కనిపిస్తే పిడుదుల జ్వరం అనుమానించి రక్తపరీక్ష చేయించాలి.

ఆడకుక్కకు స్పే ఆపరేషన్ (పిల్లలు పుట్టకుండా చేసేది) వాయిదా వేయకండి. పెద్దయ్యాక గర్భసంచిలో చీము పడితే అదే ఆపరేషన్ ప్రాణం మీదకు వచ్చాక, చాలా ఎక్కువ ఖర్చుతో చేయించాల్సి వస్తుంది. ఇలాంటి వాటికి నెలకు వెయ్యి విడిగా దాచాలి.

చాలామంది మరిచిపోయేది సంక్రాంతి. ఊరెళ్తే కుక్కను ఉంచే బోర్డింగ్‌కు రోజుకు 500–800. పండగకు ముందే నిండిపోతాయి, టీకా కార్డు లేకుంటే చేర్చుకోరు. డిసెంబరులోనే మాట్లాడుకోండి.