పాత గోడకు వెల్ల వేసే ముందు

మొదట గోడను గోరుతో గీకండి. పొరలా లేచివస్తే అది ప్లాస్టిక్ పెయింట్. దాన్ని పూర్తిగా తీయకపోతే సున్నం పట్టదు.

కాల్చిన సున్నపురాయినే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, రాళ్ల మీద నీళ్లు పోయకూడదు. కుతకుత ఉడికి చిందుతుంది. ప్లాస్టిక్ బకెట్ వద్దు, ఇనుప డ్రమ్ము వాడండి. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో 20 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి.

రంగుకు కావి, పసుపు మన్ను లాంటి మట్టిరంగులే నాకు నచ్చుతాయి, సున్నానికి అవి తట్టుకుంటాయి. తడి మీద ముదురుగా కనిపించి, ఆరాక బాగా తేలిపోతాయి. జానెడు మేర పూసి, మర్నాడు చూశాకే నిర్ణయించుకోండి.

గోడ తడిపి, ఎండ తగలనప్పుడు, పాలలా పల్చగా మూడు పూతలు వేయండి. చిక్కగా పూస్తే పొడిలా రాలుతుంది.