చెన్నైలో సీనియర్ లాయర్ దగ్గర జూనియర్‌గా చేరాలంటే

లా పూర్తిచేసి మెయిళ్లు పంపుతూ కూర్చోకండి, నేను 4 నెలలు అదే చేశాను, ఒక్క జవాబూ రాలేదు. సాయంత్రం కోర్టు అయ్యాక హైకోర్టు దగ్గర్లో లాయర్ల ఆఫీసులుండే తంబుచెట్టి వీధికి నేరుగా వెళ్లండి. ముందు అక్కడి లాయర్ గుమస్తాగారితో మాట్లాడండి, ఏ ఆఫీసులో జూనియర్ మానేశారో ఆయనకే తెలుస్తుంది. మీరు సొంతంగా రాసిన పిటిషన్ డ్రాఫ్ట్ ఒకటి చేతిలో ఉండాలి. నాది చదివిన సీనియర్ రెండో పేరా మొత్తం ఎర్ర పెన్నుతో కొట్టేసి, "రేపు పొద్దున రామ్మా" అన్నారు, అంతే, ఎక్కడా చోటు దొరకదేమోనన్న టెన్షన్ పోయింది. తమిళం మాట్లాడటంతో పాటు చదవడం కూడా నేర్చుకోండి, కింది కోర్టుల్లో చాలా కాగితాలు అందులోనే ఉంటాయి. జీతం సంగతి మొహమాటపడకుండా మొదటిరోజే అడగండి: చెన్నైలో జూనియర్లకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని 2024లోనే అక్కడి బార్ కౌన్సిల్ (లాయర్లను నమోదు చేసే సంస్థ) చెప్పింది.