ఇంట్లో చేపల తొట్టి – 7వ పాఠం: మూసుకుపోయిన ఎయిర్ స్టోన్

పోయిన పాఠంలో ఎయిర్ పంపును ఎక్కడ పెట్టాలో, నీళ్లు పైపులోంచి వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వును ఏ దిక్కుగా బిగించాలో నేర్చుకున్నాం. ఈ పాఠం పైపు రెండో చివర, తొట్టి అడుగున ఉండి పంపు గాలిని చిన్న బుడగలుగా వదిలే చిల్లుల రాయి, అంటే ఎయిర్ స్టోన్ గురించి. రెండడుగుల తొట్టి, నాలుగు గోల్డ్ ఫిష్, బోరు నీళ్లు: ఈ లెక్కతో చెబుతాను. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే, రాయి త్వరగా మూసుకుపోయేదీ ఇలాంటి తొట్టిలోనే.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. బుడగ పైకి వచ్చేలోపు దానిలోంచి నీళ్లలో కరిగే ఆక్సిజన్ కొంతే. అసలు పని పైన జరుగుతుంది. బుడగల వరుస అడుగు నీళ్లను పైకి లాక్కొచ్చి ఉపరితలాన్ని కదిలిస్తూ ఉంటుంది, అక్కడ గాలి నీళ్లలో కలుస్తుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ చేపకు ఆక్సిజన్ అవసరం మాత్రం పెరుగుతుంది. అందుకే ఈ పని మార్చిలోనే చేసి పెట్టుకోమంటాను. మే నెల మధ్యాహ్నం చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నప్పుడు రాయి కడుగుతూ కూర్చునే తీరిక ఉండదు.

రాయి మూసుకుపోతోందని ఎలా తెలుస్తుంది? కొత్త రాయి ఒళ్లంతా ఆవగింజంత బుడగలు వదులుతుంది. మూసుకుపోతున్న రాయికి ఒక పక్క నుంచే పెద్ద పెద్ద బుడగలు వస్తాయి, లేదంటే పైపు రాయికి కలిసే చోట గాలి తప్పించుకుంటుంది. పంపు మోత పెరుగుతుంది. గాలికి దారి లేక పంపులోని రబ్బరు పొర మీద ఒత్తిడి పడుతోందన్నమాట. అలాగే వదిలేస్తే ఆ రబ్బరు సాగి చిరుగుతుంది. రాయి ఖరీదు ఎంతో లేదు, పంపుది అలా కాదు.

అయితే బుడగలు తగ్గగానే రాయిని అనుమానించకండి. రాయిని తీసేసి వట్టి పైపును నీళ్లలో ఉంచండి. గాలి గలగలా వస్తే తప్పు రాయిదే. రాకపోతే చెక్ వాల్వు దాకా వెనక్కి రండి, వాల్వును తీసి చూడండి. అప్పటికీ బలం లేకపోతే పైపును పంపు దగ్గర పీకి, గాలి వచ్చే ముక్కు మీద వేలు పెట్టండి. వేలిని నెట్టే బలం లేదంటే పంపే నీరసించింది, రాయిని ఎంత కడిగినా లాభం లేదు. మధ్యలో పైపు ఎక్కడైనా మడత పడిందేమో కూడా చూడండి. తొట్టి మూత కింద నలిగిన పైపులు చాలా ఉంటాయి.

రాయిదే తప్పని తేలాక, దేనితో మూసుకుపోయిందో చూడాలి. బయటికి తీసి ఆరనిచ్చి వెలుతురులో పట్టుకోండి. తెల్లగా, గోటితో గీస్తే గరగరలాడితే సున్నం. గీజరు రాడ్డు మీద పేరుకునేదీ అదే. పచ్చగానో, గోధుమ రంగులోనో జారుడుగా ఉంటే పాచి. బోరు నీళ్ల తొట్టిలో తరచుగా రెండూ ఉంటాయి, సున్నం పట్టిన గరుకు మీద పాచి చేరుతుంది.

పాచి అయితే పాత టూత్ బ్రష్‌తో పారే నీళ్ల కింద రుద్ది, పది నిమిషాలు నీళ్లలో మరిగించండి. చల్లటి నీళ్లలో రాయిని వేసి నెమ్మదిగా మరగనివ్వాలి, తీశాక దానంతట అదే చల్లారాలి. వేడి రాయిని చన్నీళ్లలో వేస్తే పగులుతుంది. లైటు ఉన్న రాళ్లు, ప్లాస్టిక్ చట్రంలో బిగించినవి మరిగించకండి.

సున్నానికి మరిగించడం చాలదు, పులుపు కావాలి. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, లేదా కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఒక చెంచా గ్లాసు నీళ్లలో కలిపి, రాయిని నాలుగైదు గంటలు నానబెట్టండి. వేసిన వెంటనే రాయి చుట్టూ చిరు నురగ లేస్తే అక్కడ సున్నం ఉన్నట్టే, అది కరిగి కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. నురగ ఆగి, బాగా కడిగాక, రాయిని పంపుకు తగిలించి శుభ్రమైన నీళ్ల బకెట్టులో కాసేపు ఆడించండి. లోపల వదులైన మడ్డి గాలితో బయటికి వస్తుంది. ఈ పని చాలామంది వదిలేస్తారు, సగం ఫలితం దీనివల్లే.

బ్లీచింగ్ ద్రావణం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. లోపలి పాచి మొండిగా ఉంటే అది పనిచేస్తుంది: వాసన కలపని ద్రావణం ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు, ఒక పగలూ రాత్రీ. కానీ వెనిగర్, నిమ్మ ఉప్పు వంటి పులుపుతో దాన్ని ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ విషవాయువు పుడుతుంది. ఒకదాని తర్వాత ఇంకొకటి వాడాలంటే మధ్యలో రాయిని బాగా కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. బ్లీచ్ తర్వాత, క్లోరిన్‌ను పోగొట్టే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసిన నీళ్లలో నానబెట్టి, వాసన పూర్తిగా పోయాకే, ఒక రోజు ఎండలో ఆరబెట్టి తొట్టిలోకి దింపాలి. చేప మొప్పలు క్లోరిన్‌ను అసలు తట్టుకోలేవు. ఇక సబ్బు, గిన్నెల లిక్విడ్ మాటే వద్దు. రాయి చిల్లుల్లో చేరిన సబ్బును మళ్లీ బయటికి తీయలేం.

అంచులు రాలుతున్న రాయిని, చెక్కతో చేసినదాన్ని కడగకండి, మార్చేయండి. ఎప్పుడూ రెండు రాళ్లు ఉంచుకుని, ఒకటి తొట్టిలో ఉండగా రెండోది కడిగి ఆరబెట్టుకుంటే చేపలకు గాలి ఆగదు. మళ్లీ బిగించేటప్పుడు గట్టిపడిన పైపు చివరను వేలి గోరంత కోసేస్తే పట్టు బిగుసుకుంటుంది. పంపు ఆపాల్సి వస్తే దాన్ని నీటి మట్టం కంటే పైన ఉంచండి. కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపులోంచి పంపులోకి రాకుండా చెక్ వాల్వు కాపాడుతుంది, అది పాతబడితే నీళ్లను సరిగా ఆపలేదు.

ఈ వారం మీ పని: మీ రాయిని బయటికి తీసి సున్నమా, పాచా తేల్చండి. దానికి తగ్గట్టు కడిగి, ముందూ తర్వాతా బుడగల ఫొటో ఒకే చోట నుంచి తీసి పోల్చండి. వచ్చే పాఠంలో పంపు మూత విప్పి రబ్బరు పొర మార్చడం నేర్చుకుందాం. అందుకు చిన్న స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టుకోండి.