పెట్రోల్ కారును హైబ్రిడ్‌గా మార్చుకోవాలంటే: కడపలో దరఖాస్తు విధానం

గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడల్లా మా బావకు ఒకటే ఆలోచన. బ్రేకు తొక్కిన ప్రతిసారీ వేడిగా పోయే శక్తిని బ్యాటరీలోకి మళ్లిస్తే, తిరిగి ఎక్కేటప్పుడు అంత పెట్రోల్ మిగులుతుంది కదా అని. చిన్న కార్లలో ఎక్కువ భాగం ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పుతుంది, వెనక చక్రాలు ఊరికే దొర్లుతాయి. ఆ వెనక చక్రాలకు ఆయన హబ్ మోటార్లు, అంటే చక్రం మధ్యలోనే అమరే కరెంటు మోటార్లు, బిగించాడు. డిక్కీలో లిథియం బ్యాటరీ, మోటార్లకు వెళ్లే కరెంటును అదుపు చేసే కంట్రోలర్ పెట్టాడు. ఇలా పెట్రోల్ ఇంజిన్‌కు కరెంటు మోటార్ తోడైన బండే హైబ్రిడ్. బండి బాగానే నడిచింది. పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్లిన రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ డిక్కీ తెరిపించి, ఈ మోటార్, బ్యాటరీ సెట్‌కు, అంటే కిట్‌కు, ఆమోదపత్రం ఏదని అడిగారు. అది లేదు. పెట్టిన డబ్బు, ఆరు నెలల ఆదివారాలు పోయాయి, అన్నీ విప్పించుకోవాల్సి వచ్చింది. ఇంకొకరికి ఆ నష్టం జరగకూడదనే ఇది రాస్తున్నాను. ముందు కాగితం, తర్వాతే స్పానర్.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకూ బండికీ తేడా రాకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా మార్పులు కుదరవని చెప్పింది. అయితే బ్యాటరీ, సీఎన్‌జీ లాంటి వాటితో నడిచేలా మార్చుకోవడానికి అదే సెక్షన్ దారి ఇచ్చింది. షరతు ఏమిటంటే, బిగించేది ఆమోదం పొందిన కిట్ అయి ఉండాలి. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

అసలు చిక్కంతా ఈ కిట్ దగ్గరే. మొత్తం బరువు 3,500 కిలోలు మించని వాహనాలకు బిగించే హైబ్రిడ్ కిట్‌ను ఏఐఎస్-123 అనే మన దేశపు వాహన ప్రమాణంలోని మొదటి భాగం ప్రకారం పరీక్షిస్తారు. పుణేలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు ఈ పరీక్షలు చేస్తాయి. ఆ ఆమోదం తెచ్చుకోవాల్సింది కిట్ తయారీదారే. మీరు ఆన్‌లైన్‌లో విడివిడిగా కొన్న మోటార్, బ్యాటరీ, కంట్రోలర్ ఎంత మంచివైనా, మూడూ కలిపితే ఆమోదం పొందిన కిట్ అయిపోదు. కొనేముందు ఆమోదపత్రం నకలు అడగండి. మీ కారు మోడల్ అందులో ఉందా, గడువు మిగిలి ఉందా చూడండి. మీ మోడల్ లేకపోతే అక్కడితో ఆగిపోవడమే మంచిది. అడ్వాన్స్ మాత్రం కట్టకండి.

ఇంత పట్టింపు ఎందుకంటారా? 3.2 వోల్టుల బ్యాటరీ సెల్స్ 16 వరసగా కలిపితే 51.2 వోల్టులు. సెల్ 100 ఆంపియర్ అవర్ అయితే ఆ ప్యాక్‌లో సుమారు 5 యూనిట్ల కరెంటు ఉంటుంది. షార్ట్ అయితే స్పానర్ కరిగేంత శక్తి అది. 60 వోల్టులు దాటితే షాక్ ప్రమాదం కూడా తోడవుతుంది. మే నెల ఎండలో కడపలో మూసిన డిక్కీ ఎలా ఉంటుందో మనకు చెప్పాలా? పైగా వర్షానికి తడిసిన ఘాట్ మలుపులో వెనక మోటార్లు ఒక్కసారిగా బ్రేకు పట్టేస్తే బండి వెనక భాగం జారిపోతుంది. మా బావ బండి గురించి నాకు ఎక్కువ టెన్షన్ అక్కడే ఉండేది.

సరైన కిట్ దొరికాక పని సులువే. కారు మీద ఫైనాన్స్ ఉంటే ముందు వాళ్ల రాతపూర్వక అంగీకారం తీసుకోండి. రవాణా శాఖ ఆన్‌లైన్ సేవల్లో వాహనంలో మార్పులకు సంబంధించిన దరఖాస్తు ఎంచుకుని, కిట్ ఆమోదపత్రం, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ జతచేసి ఫీజు కట్టి, అనుమతి వచ్చాకే బిగించాలి. కిట్ కంపెనీ అధికారం ఇచ్చిన వర్క్‌షాప్‌లోనే బిగించి, వాళ్ల సర్టిఫికెట్, బిల్లు దాచుకోండి. కిట్ మీద ఉన్న సీరియల్ నంబరు, కాగితం మీది నంబరు ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి. ఒక్క అంకె తప్పినా మళ్లీ తిరగాలి.

బిగించిన 14 రోజుల్లోగా, మీరు నివసించే ప్రాంతపు రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి ఆర్సీ సమర్పించాలి. బండి అనంతపురం ఏపీ 02 నంబరుదైనా, మీరు కడపలో ఉంటే కడపలోనే చేసుకోవచ్చు. ఆ వివరాలు అసలు రిజిస్టర్ చేసిన కార్యాలయానికి వీళ్లే పంపుతారు. తనిఖీకి బండిని కడిగించి, బ్యాటరీ, వైర్లు కనిపించేలా పెట్టి తీసుకెళ్లండి.

కొత్త ఆర్సీలో ఇంధనం దగ్గర పెట్రోల్‌తో పాటు హైబ్రిడ్ అని పడిందో లేదో చూసుకోండి. ఆ నకలు వెంటనే ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చి పాలసీలోనూ రాయించాలి. చెప్పకుండా ఉంటే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్‌కు అడ్డం పడుతుంది.

ఒకవేళ దరఖాస్తు తిరస్కరిస్తే, కారణం నోటిమాటగా విని వచ్చేయకండి, రాసి ఇమ్మని అడగండి. ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా 57వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.