లండన్‌లో బ్యాండు వీధులు: పాలకొల్లు నుంచి వెళ్లేవాళ్లకి

నేను పాలకొల్లులో ముప్పై నాలుగేళ్లు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించాను. మా అమ్మాయి లండన్‌లో నర్సు. దాని పురిటికని నేనూ మా ఆవిడా వెళ్లి ఆర్నెల్లు ఉండొచ్చాం. అప్పట్నుంచీ మా వీధిలో ఎవరు బయల్దేరినా "మాస్టారూ, అక్కడేం చూడాలండీ?" అంటూ వచ్చి అరుగు మీద కూర్చుంటున్నారు. రాజుగారి కోటా టవర్ బ్రిడ్జీ మీ పిల్లలే చూపిస్తారు. వాళ్లకి తీరిక లేనప్పుడు మీ అంతట మీరు నడిచి చూసుకోగలిగింది ఒకటుంది. రాక్ బ్యాండులవాళ్లు తిరిగిన వీధులు. ఒక పూట పని.

ముందే చెప్తున్నాను, అక్కడ కంటికి ఆనేది పెద్దగా ఏమీ ఉండదు. ఒక తలుపు, దాని నంబరు, కొన్ని చోట్ల గోడకి గుండ్రటి పలక. మొదటిసారి నేను టికెట్టు కొనుక్కుని గైడుతో వెళ్లాను. ఆయన గొడుగు పైకెత్తి ముందు నడుస్తుంటే ఇరవై మందిమి వెనకాల పడ్డాం. ఆయన ఇంగ్లీషు నాకు పావు వంతు అందింది. అందరూ నవ్వాక నేనూ నవ్వాను. ఇంటికొచ్చి "ఏముందే అందులో, తలుపులు చూసొచ్చాను" అంటే మా అమ్మాయి నా ఫోన్లో పాటలు ఎక్కించి మళ్లీ పంపించింది. ఈసారి ప్రతి తలుపు ముందూ నిలబడి, దాని వెనకాల కట్టిన పాట విన్నాను. అప్పుడు పట్టుబడింది. మూడోసారికి గైడుని నేనే. భీమవరం నుంచి వచ్చిన మా వియ్యంకుడి గారినీ వియ్యపురాలి గారినీ వెంటబెట్టుకెళ్లాను. కింద రాస్తున్నది ఆ మూడో నడక.

మీరు టికెట్టు కొనుక్కుని వెళ్లేట్టయితే గైడు పక్కనే నడవండి. వెనకపడితే ట్రాఫిక్కులో ఒక్క ముక్క వినపడదు. "కొంచెం నెమ్మదిగా చెప్పండి సార్" అని మొదట్లోనే అడిగెయ్యండి, వాళ్లేమీ అనుకోరు.

నడక మొత్తం మూడు కిలోమీటర్ల లోపే. ఇబ్బంది పెట్టేది నడక కాదు, నిలబడ్డం. బయల్దేరే ముందు నెల రోజులు పొద్దున్నే కాలవ గట్టు మీద నడిచి, ఎక్కడో ఒక చోట పది నిమిషాలు కూర్చోకుండా నిలబడి చూడండి. మోకాళ్ల సంగతి అక్కడే తేలిపోతుంది. ఎండగా ఉన్నా గొడుగు తీసుకెళ్లండి. రైలు గేటు దగ్గర లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ ఒకే బ్యాంకు కార్డు తాకించాలి. మనిషికొక కార్డు కావాలి, ఇద్దరికీ ఒకటంటే కుదరదు. ఇంట్లోంచి కదిలే ముందు బాత్‌రూముకి వెళ్లడం మర్చిపోకండి. ఇది చిన్న విషయం కాదు.

టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషన్‌లో దిగి డెన్మార్క్ స్ట్రీట్‌కి వెళ్లండి. చిన్న వీధి, గిటార్ల కొట్లు. 4వ నంబరులో రీజెంట్ సౌండ్ అనే స్టూడియో ఉండేది. 1964లో వచ్చిన రోలింగ్ స్టోన్స్ బ్యాండు మొదటి ఆల్బమ్ చాలావరకు అందులోనే రికార్డయింది. ఇప్పుడక్కడ గిటార్ల కొట్టు. కిటికీలోంచి చూసి వచ్చెయ్యండి. ధరలు అడక్కండి, గుండె జారుతుంది.

అక్కణ్నుంచి సోహో స్క్వేర్. పార్కులో బెంచీలున్నాయి. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర పొట్లాలు అక్కడే విప్పాం. చేతులు కడుక్కోడానికి సీసాలో నీళ్లు పెట్టుకోండి. అక్కడ 1వ నంబరు, బీటిల్స్ బ్యాండులో పాడిన పాల్ మెకార్ట్నీ గారి ఆఫీసు. ఆయన కనపడతాడేమోనని మా వియ్యపురాలు అరగంట అటే చూస్తూ తిన్నారు.

తర్వాత డీన్ స్ట్రీట్ దాటితే సెయింట్ ఆన్స్ కోర్ట్ అని ఒక సందు వస్తుంది. తొందరపడకండి, ఇక్కడ ఆగాలి. ట్రైడెంట్ స్టూడియో ఈ సందులోనే ఉండేది. 1968లో బీటిల్స్ 'హే జూడ్' పాటని తమ సొంత అడ్డా వదిలేసి ఇక్కడికొచ్చి రికార్డు చేశారు. కారణం ఒక రికార్డింగు మిషను. వాళ్ల మామూలు స్టూడియో ఏబీ రోడ్‌లో అప్పటికి నాలుగు ట్రాకుల మీదే పని జరుగుతోంది, ఇక్కడ ఎనిమిది ట్రాకులది ఉంది. మన భాషలో చెప్పాలంటే, నాలుగు ట్రాకుల్లో మేళం మొత్తాన్ని నాలుగు గిన్నెల్లో సర్దాలి. డ్రమ్ముదీ గిటారుదీ ఒకే గిన్నెలో కలిపేశాక ఒకటి ఎక్కువైందని తీయాలంటే రెండోది కూడా పోతుంది. ఎనిమిది ఉంటే ఎవరి గిన్నె వాళ్లది.

పాట ఏడు నిమిషాల పైన ఉంటుంది. మొత్తం వినండి. చివర్లో ముప్పై ఆరు మంది ఆర్కెస్ట్రావాళ్లు వాయిస్తారు. వాయించింది చాలదని వాళ్లచేత చప్పట్లు కూడా కొట్టించి, గొంతు కలిపించారు. చప్పట్లు కొట్టడం నా పని కాదని ఒకాయన లేచి వెళ్లిపోయాడంటారు. నేను ఆయన పక్షమే. ఒక పెళ్లిలో నన్ను క్లారినెట్ పక్కన పెట్టి డాన్సు చెయ్యమన్నారు. చేశాను. దానికంటూ ఒక్క రూపాయి కలపలేదు.

బెర్విక్ స్ట్రీట్‌లో ఒయాసిస్ బ్యాండు 1995 ఆల్బమ్ అట్ట ఫోటో తీశారు. దారిలోనే తగుల్తుంది, దాటుకుంటూ చూస్తే సరిపోతుంది.

రీజెంట్ స్ట్రీట్ దాటి హెడన్ స్ట్రీట్‌లోకి వెళ్లండి. డేవిడ్ బౌయీ అనే పాటగాడు తన 1972 ఆల్బమ్ 'జిగ్గీ స్టార్‌డస్ట్' అట్ట మీద వానకి తడిసిన వీధిలో నిలబడి ఉంటాడు చూడండి, అది ఇదే. పాటలు రికార్డయింది ఇందాక మనం చూసిన ట్రైడెంట్ సందులో. 2012లో పలక పెట్టారు.

ఇక సవిల్ రో, 3వ నంబరు. దర్జీ కొట్లకి పేరుమోసిన వీధి. ఎదురు పేవ్‌మెంట్ మీద నిలబడి తల పైకెత్తి డాబా అంచు చూడండి. 1969 జనవరి 30న బీటిల్స్ అందరి ముందూ చివరిసారి కలిసి వాయించింది ఆ పైనే. నలభై రెండు నిమిషాలు. చలికి తట్టుకోలేక డ్రమ్ములాయన రింగో తన భార్య ఎర్ర రెయిన్‌కోటు వేసుకున్నాడు. కింద జనం పోగయ్యారు, ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారు, పోలీసులు మెట్లెక్కి వచ్చారు. ఇక్కడ నాకు గైడు అక్కర్లేకపోయింది. ఊరేగింపు సగంలో ఉండగా పోలీసు జీపు ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. ముందు డ్రమ్ము తగ్గుతుంది, క్లారినెట్ మాత్రం చరణం పూర్తయ్యేదాకా ఆగదు. శీతాకాలంలో ఆరుబయట వేళ్లు బిగుసుకుపోయి వాయించడమంటే ఏమిటో కూడా తెలుసు. వియ్యంకుడి గారికి ఇదంతా చెప్తుంటే పక్కనున్న వేరే గుంపులోవాళ్లు భాష తెలియకపోయినా ఆగి చూశారు.

బ్రూక్ స్ట్రీట్‌లో 25వ నంబరు ఇల్లు పాతకాలపు సంగీతకర్త హాండెల్ గారిది. 1723 నుంచి 1759లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. పక్క ఇల్లు 23, పై వాటాలో 1968లో గిటారు మొనగాడు జిమీ హెండ్రిక్స్ కాపురం. ఇద్దరికీ మధ్య గోడ ఒకటీ రెండు వందల ఏళ్లూ. రెండిళ్లూ కలిపి మ్యూజియం చేశారు, హెండ్రిక్స్ గది అప్పట్లో ఎలా ఉండేదో అలా సర్దిపెట్టారు. మొత్తం దారిలో మీరు లోపలికెళ్లి చూడాల్సింది ఇదొక్కటే. టికెట్టుంటుంది, ఏ రోజు తీస్తారో ముందే చూసుకోండి.

దగ్గర్లోనే బాండ్ స్ట్రీట్ స్టేషన్. జూబ్లీ లైన్ ఎక్కి రెండో స్టేషన్ సెయింట్ జాన్స్ వుడ్‌లో దిగండి. మ్యాపులో ఏబీ రోడ్ అని ఇంకో స్టేషన్ కనపడుతుంది, దాని జోలికి పోకండి. అది ఊరికి తూర్పున ఎక్కడో ఉంది. ఆచంట వెళ్లాల్సినవాడు అమలాపురంలో దిగినట్టవుతుంది.

స్టేషన్ నుంచి అయిదు నిమిషాలు నడిస్తే ఏబీ రోడ్ స్టూడియో. 1931లో మొదలైంది. గోడ నిండా పేర్లు రాసుంటాయి, అప్పుడప్పుడూ సున్నం కొట్టేస్తారు, జనం మళ్లీ రాస్తారు. అందరూ ముందున్న రోడ్డు మీది జీబ్రా గీతల దగ్గరికి పరిగెడతారు గానీ, మీరు ముందు గేటు దగ్గర ఆగి 'వెన్ ఐయామ్ సిక్స్‌టీ ఫోర్' వినండి. 1966 డిసెంబర్‌లో ఇక్కడే మొదలుపెట్టారు. అందులో రెండు క్లారినెట్లు, ఒక బేస్ క్లారినెట్. రాక్ బ్యాండు పాటలో మన వాయిద్యం! అరవై నాలుగేళ్లొచ్చాక నన్ను చూసుకుంటావా అని మనసైనదాన్ని అడిగే పాట అది. నాకప్పుడు అరవై ఆరు. మా ఆవిడ మనవడికి స్నానం చేయిస్తూ ఇంట్లో ఉండిపోయింది.

ఇక జీబ్రా. 'ఏబీ రోడ్' ఆల్బమ్ అట్ట కోసం 1969 ఆగస్టు 8న బీటిల్స్ నలుగురూ దీన్ని దాటారు. ఒక పోలీసాయన బళ్లని ఆపుతుంటే, ఫోటోగ్రాఫరు నిచ్చెనెక్కి ఆరు ఫోటోలు తీశాడు. పది నిమిషాల్లో అయిపోయింది. మన దగ్గర జీబ్రా గీతలంటే రోడ్డుకి వేసిన ముగ్గు. అక్కడ కాలు పెడితే బళ్లు ఆగాలి, ఆగుతాయి కూడా. అలాగని మధ్యలో నిలబడి ఫోజులివ్వకండి, డ్రైవర్ల మొహాలు చూడలేం. పాల్ చెప్పుల్లేకుండా దాటాడని మీరూ విప్పక్కర్లేదు.

స్టూడియోవాళ్లు ఆ జీబ్రా మీదికి కెమెరా పెట్టారు. ఇరవై నాలుగ్గంటలూ ఇంటర్నెట్లో వస్తుంది. వేసవిలో మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటల తేడా, కాబట్టి అక్కడ మధ్యాహ్నం మూడింటికి దాటితే ఇక్కడ ఏడున్నర. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. గుర్తుపట్టాలని నేను తెల్ల పంచె, కండువా కట్టుకెళ్లాను. పాలకొల్లులో మా తమ్ముడు వీధివాళ్లందర్నీ పోగేసి ఫోన్ ముందు కూర్చున్నాడు. దర్జాగా దాటి అవతలికి చేరి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, నువ్వు దాటేవేళకి ఎర్ర బస్సు అడ్డొచ్చిందిరా. మళ్లీ దాటు."

139 నంబరు బస్సు. అది వెళ్లిపోయేదాకా ఆగి అప్పుడు దాటండి.